న్యూజెర్సీలో ఇల్లు కొంటున్నాం: క్లోజింగ్‌కి అటార్నీ కావాలా, టైటిల్ కంపెనీ సరిపోతుందా?

కొత్తిల్లు_ఎన్‌జే:

అందరికీ నమస్కారం. మిడిల్‌సెక్స్ కౌంటీలో ఒక టౌన్‌హౌస్ ఖాయం చేసుకున్నాం. ధర 6,80,000 డాలర్లు. 20 శాతం డౌన్ పేమెంట్, మిగతాది లోను. అమ్మేవాళ్లు హైదరాబాద్ దంపతులు, రెండేళ్ల కిందట ఇండియా వెళ్లిపోయారు. అప్పటినుంచి ఇల్లు అద్దెకుంది, అద్దెవాళ్లు ఇంకా ఖాళీ చేయలేదు. రెండువైపులా సంతకాలైన కాంట్రాక్టు నిన్న బుధవారం సాయంత్రం ఈమెయిల్‌లో అందింది. "మూడు రోజుల అటార్నీ రివ్యూ మొదలైంది, మీ లాయర్ పేరు చెప్పండి" అని ఏజెంటు అంటున్నారు. డాలస్‌లో ఉన్న బంధువులేమో లాయర్ దండగ, అంతా టైటిల్ కంపెనీయే (ఇంటి హక్కు సరిచూసి ఇన్సూరెన్సు ఇచ్చేది) చూసుకుంటుంది అంటున్నారు.

తెలిసినవాళ్లు మూడు విషయాలు చెప్పగలరా? ఒకటి, ఇక్కడ అటార్నీ నిజంగా చేసే పనేమిటి? రెండు, లోను నా పేరు మీదే, డీడ్ (హక్కు పత్రం) మాత్రం ఇద్దరి పేర్ల మీద రావాలి. క్లోజింగ్ (సంతకాలు చేసి, డబ్బు కట్టి ఇల్లు చేతికి తీసుకోవడం) సమయానికి మా ఆవిడ విజయవాడలో ఉంటుంది, ఎలా? మూడు, అమ్మేవాళ్లు ఇండియాలో ఉండటం వల్ల మా మీద పడేదేమైనా ఉందా?

రివ్యూ_డెస్క్:

ముందు గడువు లెక్క చూసుకోండి. సంతకాలైన కాంట్రాక్టు ఇరుపక్షాలకూ అందిన మర్నాటి నుంచి మూడు పనిదినాలు. శని, ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. బుధవారం అందింది కాబట్టి గురువారం ఒకటి, శుక్రవారం రెండు, సోమవారం మూడు. సోమవారం ముగిసేలోగా ఎవరి లాయరూ అభ్యంతరం చెప్పకపోతే ఏజెంటు నింపిన ఆ అచ్చు ఫారం ఉన్నది ఉన్నట్టుగా మీ మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి ఈరోజే ఒక లాయర్‌తో మాట్లాడండి. "నాలుగైదు రోజుల్లో చూద్దాం" అనే లాయర్ ఈ పనికి పనికిరారు.

ఈ మూడు రోజులు ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే వాటి విలువ తెలుస్తుంది. ఇళ్ల కాంట్రాక్టులు రాయడం లాయర్ల పనా, ఏజెంట్లు రాయొచ్చా అని న్యూజెర్సీలో లాయర్ల సంఘానికీ రియల్టర్ల సంఘానికీ చాలాకాలం తగువు నడిచింది. 1983లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం ఒకటి నుంచి నాలుగు కుటుంబాల ఇళ్లకు ఏజెంట్లు ఫారం నింపవచ్చు, కానీ అందులో అటార్నీ రివ్యూ షరతు ఉండి తీరాలి. అంటే లాయర్ చూడకుండా ఏజెంటు రాసిన కాగితం మిమ్మల్ని కట్టిపడేయకూడదన్నదే దాని ఉద్దేశం. ఆ రక్షణ వాడుకోకుండా వదిలేయకండి.

ఇక లాయర్ చేసేది. మొదటి రోజే అవతలి లాయర్‌కీ ఏజెంట్లకీ "ఈ కాంట్రాక్టును ఈ రూపంలో ఆమోదించడం లేదు" అని ఉత్తరం పంపిస్తారు. అది చూసి కంగారు పడకండి, బేరం చెడినట్టు కాదు. గడువు ఆపడానికి అదే మార్గం. ఈమెయిల్‌లో పంపినా చెల్లుతుందని 2017లో కోర్టు తేల్చింది కూడా. ఆ ఉత్తరంతో పాటే రైడర్ వెళ్తుంది, అంటే మార్పుల జాబితా. ఇద్దరు లాయర్లూ దాని మీద వాదించుకుని, చివరికి అందరూ సంతకం చేసిన రోజున రివ్యూ ముగుస్తుంది. కాగితం మీద మూడు రోజులే అయినా నిజానికి వారం, పది రోజులు పట్టడం మామూలే.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. రివ్యూ నడుస్తున్నంతసేపూ కాంట్రాక్టు కట్టుబడి లేదు. అమ్మేవాళ్లు ఇంకొకరి దగ్గర పదివేలు ఎక్కువ వస్తే కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. మీరూ తప్పుకోవచ్చు. కాబట్టి రివ్యూ ముగియకముందే ఇన్‌స్పెక్షన్‌కీ అప్రైజల్‌కీ (ఇంటి విలువ కట్టించడానికీ) డబ్బు పెట్టకండి, ఇప్పుడున్న ఇంటి లీజుకు నోటీసు ఇవ్వకండి. రైడర్ మీద మీ లాయర్ ప్రశ్న పంపితే అదే రోజు జవాబివ్వండి.

మీ విషయంలో రైడర్‌లో తప్పక ఉండాల్సిన వాటిలో అన్నిటికన్నా ముందు అద్దెవాళ్ల సంగతి. న్యూజెర్సీలో ఇల్లు అమ్ముడుపోయినంత మాత్రాన అద్దెవాళ్లు లేచిపోవాల్సిన పనిలేదు, చట్టంలో ఉన్న కారణాలు ఉంటేనే ఖాళీ చేయించగలరు. మూడు వాటాలు లేదా అంతకన్నా తక్కువ ఉన్న ఇంటిని, స్వయంగా కాపురముండే కొనుగోలుదారుకు అమ్ముతున్నప్పుడు, క్లోజింగ్ నాటికి ఇల్లు ఖాళీగా ఉండాలని కాంట్రాక్టులో రాసి ఉంటే అది అలాంటి కారణమే. అప్పుడు కూడా రెండు నెలల నోటీసు కావాలి, లీజు గడువు ముగియాలి. కాంట్రాక్టులో ఆ మాట లేకపోతే నోటీసుకే ఆధారం లేదు. మీరు తాళం చెవులతో పాటు అద్దెవాళ్లనూ, వాళ్ల సెక్యూరిటీ డిపాజిట్ బాధ్యతనూ తీసుకున్నట్టే. లీజు కాపీ ఈరోజే అడగండి. అది ఆరు నెలల తర్వాత ముగిసేదైతే మీ క్లోజింగ్ తేదీకి అర్థం లేదు, మీ లోను రేట్ లాక్ (బ్యాంకు ఖాయం చేసిన వడ్డీ రేటు) అప్పటిదాకా ఆగదు.

రెండోది మార్ట్‌గేజ్ (ఇంటి తాకట్టు లోను) షరతు. అచ్చు ఫారంలో సాధారణంగా ఒక తేదీ వేసి, ఆలోగా బ్యాంకు కమిట్‌మెంట్ (లోను ఇస్తామన్న రాతహామీ) రాకపోతే బయటపడవచ్చని ఉంటుంది. కానీ కమిట్‌మెంట్ వచ్చాక ఉద్యోగం పోతే? బ్యాంకులు క్లోజింగ్‌కి ముందు పది పనిదినాల్లోపు మీ కంపెనీకి ఫోను చేసి ఉద్యోగం ఉందో లేదో మళ్లీ చూస్తాయి. లేదని తెలిస్తే లోను ఆగుతుంది. తేదీ దాటింది కాబట్టి మీ డిపాజిట్ (ముందుగా కట్టిన బయానా) అమ్మేవాళ్లదేనని అవతలివాళ్లు పట్టుబడతారు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఇది ఊహాజనితమైన భయం కాదు. "కొనేవారి తప్పు లేకుండా కమిట్‌మెంట్ వెనక్కి పోతే డిపాజిట్ తిరిగి ఇవ్వాలి" అని ఒక్క వాక్యం చేర్పించండి. అమ్మేవాళ్ల లాయర్లు కొందరు ఒప్పుకోరు, కొందరు క్లోజింగ్ తేదీ దాకా కాకుండా కొన్ని వారాలకు ఒప్పుకుంటారు. అడగకపోతే అదీ రాదు.

మిగతావి త్వరగా చెప్తాను. అప్రైజల్ ధరకన్నా తక్కువ వస్తే ఏం చేయాలో రాయాలి. ఇన్‌స్పెక్షన్‌కి రెండు వారాలైనా ఉండాలి, రేడాన్ (నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు) లీటరుకు 4 పికోక్యూరీలు దాటితే సరిచేసే ఖర్చు ఎవరిదో ఉండాలి. డిపాజిట్ ఎవరి ట్రస్టు ఖాతాలో ఉంటుందో రాయాలి. ఎవరి చేతుల్లోనూ నేరుగా ఉండకూడదు. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) బడ్జెట్టు, మీటింగుల మినిట్స్, రాబోయే ప్రత్యేక వసూళ్లు చూసే హక్కు ఉండాలి. క్లోజింగ్ తేదీ పక్కన "ఆన్ ఆర్ ఎబౌట్" అని ఉంటే ఆ రోజున జరగకపోయినా ఎవరూ తప్పుచేసినట్టు కాదు. అవతలివాళ్లు సాగదీస్తుంటే మీ లాయర్ ఒక సహేతుకమైన గడువు పెట్టి, ఆ తేదీ దాటితే ఒప్పందం ఉల్లంఘించినట్టేనని ఉత్తరం ఇస్తారు. ఇలాంటి ఉత్తరం రాయడం టైటిల్ కంపెనీ పని కాదు.

డాలస్ మాటకి జవాబు కూడా అదే. టెక్సస్‌లో రాష్ట్ర కమిషన్ ఖరారు చేసిన కాంట్రాక్టు ఫారాలు, డబ్బిచ్చి కొనుక్కునే ఆప్షన్ పీరియడ్ (కారణం చెప్పకుండా తప్పుకునే గడువు), టైటిల్ కంపెనీ దగ్గరే క్లోజింగ్. అక్కడి పద్ధతి అది, వాళ్లు చెప్పింది అక్కడికి నిజమే. న్యూజెర్సీలో కూడా దక్షిణాన, క్యామ్డెన్, బర్లింగ్టన్ వైపు, లాయర్లు లేకుండా టైటిల్ ఏజెంటు దగ్గర క్లోజింగులు జరుగుతాయి. తగిన హెచ్చరికలు ఇస్తే అది చట్టవిరుద్ధం కాదని 1995లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. అంటే చట్టప్రకారం అటార్నీ తప్పనిసరి కాదు. కానీ ఏజెంటుకు ఇల్లు అమ్ముడైతేనే కమిషన్, బ్యాంకు తన అప్పు భద్రత చూసుకుంటుంది, టైటిల్ కంపెనీ తను ఇన్సూరెన్సు ఇవ్వగలదా లేదా అని చూస్తుంది. మీ తరఫున మాట్లాడాల్సిన బాధ్యత వీళ్లెవరికీ లేదు. అద్దెవాళ్లు, విదేశంలో అమ్మకందారు, ఊళ్లో లేని భార్య, ఈ మూడూ ఉన్న మీ కేసులో లాయర్ లేకుండా వెళ్లవద్దని గట్టిగా చెప్తాను.

ఫీజు చాలాచోట్ల మొత్తానికి ఒకేసారి మాట్లాడుకుంటారు, 1,500 డాలర్లకు అటూఇటూగా. రివ్యూలోనే బేరం తప్పిపోతే ఎంత తీసుకుంటారో, పవర్ ఆఫ్ అటార్నీకి వేరేగా ఉందో మొదటి ఫోనులోనే అడగండి.

టైటిల్_పుటలు:

పైన చెప్పినదంతా కాంట్రాక్టు వైపు. టైటిల్ వైపు ఏం జరుగుతుందో, అందులో లాయర్ పాత్ర ఎక్కడో నేను చెప్తాను. మన దగ్గర సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి రిజిస్ట్రేషన్ చేయించుకున్నట్టు ఇక్కడ అందరూ ఆఫీసుకు వెళ్లరు. డీడ్ మీద నోటరీ ముందు అమ్మేవాళ్లు సంతకం చేస్తారు, దాన్ని కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డు చేయిస్తారు. క్లర్క్ హక్కు ఎవరిదో తేల్చరు, కాగితాన్ని రికార్డులోకి ఎక్కిస్తారు అంతే. హక్కు బాగోగులు చూసేది టైటిల్ సెర్చ్, పొరపాటు జరిగితే ఆదుకునేది టైటిల్ ఇన్సూరెన్సు. బ్యాంకు పేరు మీద పాలసీ తప్పనిసరి. మీ పేరు మీద ఓనర్స్ పాలసీ మీ ఇష్టమే, కానీ తీసుకోండి. బ్యాంకు పాలసీ బ్యాంకు బాకీని కాపాడుతుంది, మీ డౌన్ పేమెంటును కాదు. రెండూ ఒకేసారి తీసుకుంటే రెండోదానికి అదనం చాలా తక్కువ.

టైటిల్ కమిట్‌మెంట్ (ఏ షరతుల మీద ఇన్సూరెన్సు ఇస్తారో చెప్పే కాగితం) రాగానే లాయర్ చూసేది షెడ్యూల్ బి. క్లోజింగ్‌కి ముందు తీర్చాల్సినవి ఒక భాగంలో, ఇన్సూరెన్సు కాపాడనివి ఒక భాగంలో ఉంటాయి. మన పేర్లతో తరచూ వచ్చే చిక్కు జడ్జిమెంట్ సెర్చ్. రెడ్డి, రావు, కుమార్, శ్రీనివాస్ అంటే అదే పేరున్న వేరేవాళ్ల కోర్టు బాకీలు జాబితాలో తేలతాయి. అవి మీవి కాకపోతే ఫలానా వ్యక్తి నేను కాదని నోటరీ ముందు అఫిడవిట్ ఇవ్వాలి. చిరునామాలు, తేదీలు చూపి తీసేయించే పని లాయర్ వారం ముందే చేస్తే పది నిమిషాలు. క్లోజింగ్ రోజున బయటపడితే ఆ రోజు జరగదు.

పేరు రాసే తీరు కూడా ముందే తేల్చుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి వీసాలో ఇంకోలా, డ్రైవింగ్ లైసెన్సులో మరోలా ఉన్నవాళ్లు మనలో చాలామంది. డీడ్, నోట్ (అప్పు పత్రం), మార్ట్‌గేజ్, పవర్ ఆఫ్ అటార్నీ నాలుగింట్లోనూ పేరు ఒకేలా రావాలి. తేడా ఉంటే రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ తీసుకుంటారు. డీడ్‌లో భార్యాభర్తలని స్పష్టంగా రాయించండి. న్యూజెర్సీలో దంపతులు అలా తీసుకున్న ఇల్లు, ఒకరు కాలం చేస్తే ప్రోబేట్ (వారసత్వ కోర్టు ప్రక్రియ) లేకుండా నేరుగా రెండోవారికి వస్తుంది.

అమ్మేవాళ్ల వైపు తరచూ తప్పేది హోమ్ ఈక్విటీ లైన్ (ఇంటి తాకట్టు మీద ఇచ్చే అప్పు ఖాతా). మామూలు మార్ట్‌గేజ్‌కి పేఆఫ్ ఉత్తరం (తీర్చాల్సిన బాకీ లెక్క) తెచ్చి కడితే సరిపోతుంది. ఈ లైన్ మాత్రం క్రెడిట్ కార్డు లాంటిది. బాకీ సున్నా చేసినా ఖాతా తెరిచే ఉంటుంది, మళ్లీ వాడుకోవచ్చు, మీ ఇంటి మీద తాకట్టు అలాగే నిలుస్తుంది. అందుకని ఖాతా స్తంభింపజేసి, మూసేయమని అప్పుదారు సంతకం చేసిన ఉత్తరం డబ్బుతో పాటే వెళ్లాలి. అమ్మేవాళ్లు ఇండియాలో ఉన్నారు కాబట్టి ఆ సంతకం డీడ్‌తో పాటే ముందుగా తెప్పించమని చెప్పండి.

మీ లాయర్ లేదా టైటిల్ ఏజెంటు క్లోజింగ్‌కి ముందే కౌంటీలో నోటీస్ ఆఫ్ సెటిల్‌మెంట్ దాఖలు చేశారా అని అడగండి. చిన్న కాగితమే. కానీ అది రికార్డయిన రోజు నుంచి 60 రోజుల పాటు, మధ్యలో అమ్మేవాళ్ల మీద కొత్తగా వచ్చిపడే లియన్లు (ఇంటి మీద బాకీ హక్కులు) మీకు అడ్డురావు. క్లోజింగ్ వాయిదా పడి 60 రోజులు దాటేలా ఉంటే మళ్లీ వేయాలి, ఇది మర్చిపోతారు.

తేదీల్లో ఒక తిరకాసు ఉంది. బ్యాంకు ఇచ్చే క్లోజింగ్ డిస్‌క్లోజర్ (లోను, ఖర్చుల తుది లెక్క) సంతకాలకు మూడు పనిదినాల ముందు మీకు అందాలని 2015 నుంచి కేంద్ర నిబంధన. అటార్నీ రివ్యూలో శనివారం లెక్క లేదు, ఇక్కడ మాత్రం శనివారం లెక్కే. శుక్రవారం అందితే మంగళవారం క్లోజింగ్ చేయొచ్చు. ఆ తర్వాత ఏపీఆర్ (ఫీజులు కలిపిన ఏడాది వడ్డీ రేటు) పరిమితి దాటి మారినా, లోను రకం మారినా మూడు రోజులు మళ్లీ మొదలు. అమ్మేవాళ్ల నుంచి వచ్చే చిన్న క్రెడిట్ మారితే మళ్లీ మొదలవదు. మీ లాయర్ ఆ కాగితంలో పన్నుల సర్దుబాటు సరిచూడాలి. ఇక్కడ ఆస్తిపన్ను ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు ఒకటో తేదీల్లో మూడేసి నెలలకు కడతారు. మార్చి 20న క్లోజింగ్ అయితే మిగిలిన 11 రోజుల పన్ను అమ్మేవాళ్లకు మీరు తిరిగివ్వాలి.

డబ్బు పంపేటప్పుడు ఒక్క విషయం. వైర్ వివరాలు మారాయని ఈమెయిల్ వస్తే, అది మీ లాయర్ పేరుతో వచ్చినా, నమ్మకండి. మొదట్లో మీరే కనుక్కుని రాసుకున్న నంబరుకు ఫోను చేసి ఖాతా నంబరు చదివించుకోండి. ఆ ఈమెయిల్‌లో ఉన్న నంబరుకు చేయొద్దు. పోయిన వైరు మర్నాటికి దొరకడం అరుదు.

పన్నుల_లెక్క:

మీ మూడో ప్రశ్నే ఈ కేసులో అసలు డబ్బు సంగతి. అమ్మేవారు అమెరికా పన్ను చట్టం దృష్టిలో విదేశీయులైతే, ధరలో కొంత పట్టి ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) కట్టాల్సింది కొనేవారు. ఫిర్ప్టా అంటారు. పట్టకపోతే ఆ మొత్తం, వడ్డీ, జరిమానా మీ నుంచి వసూలు చేస్తారు. "అమ్మినవాళ్లు పన్ను కట్టుకుంటారులే అనుకున్నాం" అంటే చెల్లదు.

విదేశీయులా కాదా అన్నది మనిషి ఎక్కడ ఉన్నారన్నదాని మీద మాత్రమే తేలదు. అమెరికా పౌరసత్వం ఉంటే హైదరాబాద్‌లో ఉన్నా ఫిర్ప్టా వర్తించదు, గ్రీన్‌కార్డు వదులుకోకుండా ఉన్నా సాధారణంగా అంతే. హెచ్‌1బీ మీద ఉండి రెండేళ్ల కిందట వెళ్లిపోయినవాళ్లు ఈపాటికి నాన్ రెసిడెంట్ అయి ఉండే అవకాశమే ఎక్కువ. వర్తించదు అనేవాళ్లు తాము విదేశీయులం కాదని, సోషల్ సెక్యూరిటీ నంబరుతో, అబద్ధమైతే శిక్షకు లోబడి సర్టిఫికెట్ ఇవ్వాలి. దంపతులిద్దరి పేర్లూ డీడ్‌లో ఉంటే ఇద్దరూ ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్ అబద్ధమని మీకు తెలిసి ఉంటే మాత్రం అది మిమ్మల్ని కాపాడదు.

వర్తిస్తే పట్టాల్సింది మామూలుగా ధరలో 15 శాతం. మీరు కాపురముండటానికి కొంటూ, ధర 10 లక్షల డాలర్లు దాటకపోతే 10 శాతం. 3 లక్షల లోపైతే ఏమీ లేదు. కాపురం అంటే క్లోజింగ్ తర్వాతి రెండేళ్లలో, ఏడాదికేడాది చూస్తే, ఆ ఇల్లు వాడుకలో ఉన్న రోజుల్లో కనీసం సగం మీరు లేదా మీ కుటుంబం ఉండాలనే ఉద్దేశం ఉండాలి. మీ లెక్కన 68,000 డాలర్లు. లాభం మీద కాదు, మొత్తం ధర మీద. 20 రోజుల్లోపు 8288, 8288-ఏ ఫారాలతో కట్టాలి.

అమ్మేవాళ్లకు అంత పట్టుకోవడం ఇష్టముండదు, నిజానికి వాళ్ల పన్ను అంతకన్నా చాలా తక్కువే కావచ్చు. వాళ్లు క్లోజింగ్ రోజుకి ముందే, లేదా ఆ రోజునే, 8288-బీ దరఖాస్తు (తక్కువ పట్టడానికి అనుమతి కోరేది) పంపితే పట్టిన డబ్బు ఐఆర్ఎస్‌కి వెంటనే పంపకుండా లాయర్ ట్రస్టు ఖాతాలో ఆపవచ్చు. ఐఆర్ఎస్ జవాబు పోస్టు చేసిన 20 రోజుల్లోపు జవాబు ప్రకారం కట్టి మిగతాది ఇచ్చేయాలి. ఇక్కడ మీ లాయర్ చేయాల్సింది, "దరఖాస్తు పెడతాం" అన్న మాట మీద డబ్బు వదలకపోవడం. పంపిన దరఖాస్తు కాపీ చూశాకే ఆపాలి. ఆ డబ్బు కూడా అమ్మేవాళ్ల చేతికి కాదు, ఎస్క్రోలోకి (మధ్యవర్తి ఖాతాలోకి).

రాష్ట్రం వంతు వేరే. న్యూజెర్సీలో ఉండనివాళ్లు ఇల్లు అమ్మితే అంచనా ఆదాయపన్ను ముందుగా కట్టాలి, ధరలో 2 శాతానికి తగ్గకుండా. అంటే మీ ఇంటికి కనీసం 13,600 డాలర్లు. సొంత కాపురపు ఇల్లుగా మినహాయింపు వర్తిస్తుందని చూపగలిగితే వేరే ఫారం ఇస్తారు. ఏదో ఒక జీఐటీ/ఆర్ఈపీ ఫారం (ఈ పన్ను కట్టినట్టో మినహాయింపు ఉన్నట్టో చూపేది) జతకాకుండా కౌంటీ క్లర్క్ డీడ్‌ను రికార్డు చేయరు. అందుకే ఇది అమ్మేవాళ్ల పన్ను అయినా మీకు పట్టించుకోవాల్సిన విషయమే.

ఈ రెండూ కలిపితే 81,600. అమ్మేవాళ్ల పాత లోను, ఏజెంట్ల కమిషన్, ట్రాన్స్‌ఫర్ ఫీజు పోగా వాళ్ల చేతికి మిగిలేది అంతకన్నా తక్కువైతే క్లోజింగ్ బల్ల దగ్గర లెక్క కుదరదు. వాళ్ల పేఆఫ్ ఎంతో రివ్యూ దశలోనే రఫ్‌గా అడిగి తెలుసుకోమని మీ లాయర్‌కి చెప్పండి. ఫిర్ప్టా వాక్యం రైడర్‌లో ఉండాలి.

కొత్తిల్లు_ఎన్‌జే:

చాలా థాంక్స్ అండీ, కళ్లు తెరిపించారు. మధ్యాహ్నమే లాయర్‌ని మాట్లాడుకున్నాను, ఉత్తరం సాయంత్రం వెళ్తుంది. మా ఆవిడ సంగతి ఇంకా అర్థం కాలేదు. లోను తన పేరున లేదు కదా, మరి పవర్ ఆఫ్ అటార్నీ ఎందుకు అడుగుతున్నారు?

టైటిల్_పుటలు:

డీడ్ తీసుకునేవాళ్లు డీడ్ మీద సంతకం చేయనక్కర్లేదు, అక్కడ ఆవిడ అవసరం లేదు. నోట్ అంటే అప్పు తీరుస్తానన్న ప్రామిసరీ నోటు, అది మీరొక్కరే. కానీ మార్ట్‌గేజ్ అంటే ఇంటిని తాకట్టు పెట్టే కాగితం. ఇంట్లో హక్కున్న ప్రతివారూ దాని మీద సంతకం చేస్తేనే బ్యాంకు తాకట్టు పూర్తవుతుంది. అందుకని ఆవిడ సంతకమో, ఆవిడ తరఫున అధికారం ఉన్నవారి సంతకమో కావాలి.

చేయాల్సిన వరుస ఇది. ముందు మీ లాయర్ ముసాయిదా రాయాలి, ఈ ఇంటి చిరునామా, ఈ లావాదేవీ పేర్కొంటూ. ఇండియాలో దొరికే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ నమూనా పనికిరాదు. ఆ ముసాయిదాకు బ్యాంకూ టైటిల్ కంపెనీ రెండూ సంతకానికి ముందే రాతపూర్వకంగా సరేననాలి. సంతకం అయ్యాక "మా మాటల్లో లేదు" అని బ్యాంకు తిప్పికొట్టడం ఎక్కువగా జరిగే తప్పు. తర్వాత ఆవిడ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్‌లో నోటరీ అపాయింట్‌మెంట్ తీసుకుని, అధికారి ముందు సంతకం చేయాలి. ఇంట్లో ముందే సంతకం చేసి తీసుకెళ్లకూడదు. ఒక్కో సీలుకు 50 డాలర్లు. అపాయింట్‌మెంట్ దొరకకపోతే స్థానిక నోటరీ దగ్గర చేయించి, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించాలి. ఇండియా 2005 నుంచి ఆ ఒప్పందంలో ఉంది కాబట్టి ఇక్కడ చెల్లుతుంది, కానీ దశలు ఎక్కువ. ఆన్‌లైన్ నోటరీ న్యూజెర్సీ చట్టంలో 2021 నుంచి ఉంది. అయితే సంతకం చేసేవారు దేశం బయట ఉన్నప్పుడు మీ బ్యాంకు, టైటిల్ కంపెనీ ఒప్పుకుంటాయో లేదో ముందు కనుక్కోండి.

అసలు కాగితం కొరియర్‌లో రావాలి, స్కాన్ చాలదు. మార్ట్‌గేజ్‌తో పాటు దాన్నీ కౌంటీలో రికార్డు చేస్తారు. కనీసం నాలుగు వారాల ముందే మొదలుపెట్టండి. అమ్మేవాళ్లు కూడా ఇదే కాన్సులేట్‌లో డీడ్ మీద సంతకం చేసి తమ లాయర్ దగ్గర ముందే ఉంచవచ్చు. అపాయింట్‌మెంట్ తేదీ ఎప్పుడో మీ లాయర్ ద్వారా అడిగించండి, మీ క్లోజింగ్ తేదీ దాని మీదే ఆధారపడుతుంది.

జాన్స్‌క్రీక్_వాసి:

జార్జియాలో కొనేవాళ్లు ఇది చదివి మా దగ్గరా ఇంతే అనుకోకుండా ఒక మాట. ఇక్కడ క్లోజింగ్ నడపాల్సింది అటార్నీయే. డీడ్ తయారుచేసి సంతకాలు జరిపించడం న్యాయవాద వృత్తే అని 2003లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. కానీ లోను ఉన్నచోట ఆ క్లోజింగ్ అటార్నీ మామూలుగా బ్యాంకు తరఫు, మీ తరఫు కాదు. ఎంత మర్యాదగా మాట్లాడినా, కాంట్రాక్టు మీద మీ హక్కు ఏమిటని అడిగితే సలహా ఇవ్వలేరు. కావాలంటే మీరు వేరే లాయర్‌ని పెట్టుకోవాలి, అదీ డ్యూ డిలిజెన్స్ గడువు ముగియకముందే, ఎందుకంటే కారణం చెప్పకుండా బయటపడే వీలు ఆ రోజుతో పోతుంది. ఖర్చుల్లో ఇంటాంజిబుల్ ట్యాక్స్ ఒకటి చూసుకోండి. మూడేళ్లు మించిన లోనుకు ప్రతి 500 డాలర్లకు 1.50. లోను 5,40,000 అయితే 1,620 డాలర్లు. చాలామంది బడ్జెట్టులో ఇది ఉండదు.

రివ్యూ_డెస్క్:

కొత్తిల్లు గారికి, క్లోజింగ్ దగ్గర పడ్డాక చూడాల్సినవి రెండు చెప్పి ఆపుతాను. అంతకుముందు రోజో, అదే రోజు పొద్దున్నో ఇల్లు చూడ్డానికి వెళ్తారు కదా, అద్దెవాళ్లు పూర్తిగా ఖాళీ చేశారో లేదో అప్పుడే తేలాలి. ఒక గదిలో సామాను ఉంది, వారంలో తీసేస్తారు అంటే అక్కడినుంచే లాయర్‌కి ఫోను చేయండి. సంతకాలకు ముందు డబ్బు ఎస్క్రోలో పట్టించడమో వాయిదా వేయించడమో సాధ్యం. సంతకాలయ్యాక ఆ అద్దెవాళ్లతో వ్యవహారం మీది. సరిగా పనిచేయని హీటరుకైనా, కోరినా చేయని రిపేరుకైనా ఇదే వర్తిస్తుంది.

ఆ తర్వాత రికార్డయిన డీడ్, ఓనర్స్ పాలసీ కొన్ని వారాలకు వస్తాయి. రెండు మూడు నెలలకు కౌంటీ రికార్డుల్లో అమ్మినవాళ్ల పాత మార్ట్‌గేజ్ రద్దయినట్టు డిశ్చార్జ్ ఎక్కిందో లేదో చూడమని లాయర్ ఆఫీసుకు ఒక ఈమెయిల్ పెట్టండి. డబ్బు కట్టినా డిశ్చార్జ్ రికార్డవకుండా ఏళ్ల తరబడి ఉండిపోయినవి చాలా ఉన్నాయి, మీరు రీఫైనాన్స్‌కి వెళ్లినప్పుడు బయటపడతాయి. ఈలోగా మీ డీడ్ సర్టిఫైడ్ కాపీ పంపిస్తాం, డబ్బు కట్టండి అని ప్రభుత్వ ఆఫీసు నుంచి వచ్చినట్టే కనిపించే ఉత్తరాలు వస్తాయి. అవి ప్రైవేటు వ్యాపారుల అమ్మకాలు. మీ డీడ్ మీకు ఎలాగూ వస్తుంది, ఇంకో కాపీ కావాలంటే కౌంటీ క్లర్క్ దగ్గర కొద్ది డాలర్లకే దొరుకుతుంది.